నీలం సిరా పాదం

"కాగితం మర్చిపోకు. అది లేకుండా వెళ్తే షాపువాళ్లు నీకు ఏదో ఒకటి అంటగడతారు" అన్నాడు భర్త, చేతిలోని పేపరు దించకుండానే.

కాగితం అంటే ఆ ఇంట్లో ఒకటే కాగితం. బీరువా పై అరలో, ఇంటి దస్తావేజులూ బీమా పత్రాలూ ఉండే కవర్లో నాలుగు మడతల మీద ఉంటుంది. మడతలు చిరుగుపట్టిన చోటల్లా ఆయనే స్వయంగా టేపు అతికించాడు. విప్పితే నీలం సిరాతో గీసిన ఒక ఆడ పాదం. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఆమె తొడుక్కున్న ప్రతి చెప్పూ, ప్రతి బూటూ ఆ గీతని చూసి కొన్నవే. ఏడాదికి రెండుసార్లు ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని హోల్‌సేల్ షాపుకి వెళ్లి ఇంట్లో అందరికీ ఒక్కసారే చెప్పులు పట్టుకొచ్చేవాడు. వెంట ఎవరినీ తీసుకెళ్లడు. "మిమ్మల్ని తీసుకెళ్తే అక్కడే పొద్దుపోతుంది" అనేవాడు. ఆ ఇంట్లో అది ఆయన మంచితనం కింద చెలామణీ అయింది. అబద్ధమెందుకు, ఆమె కూడా అలాగే అనుకుంది. చెప్పులు సైతం తెచ్చిపెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అని ఆఫీసులో గొప్పగా చెప్పుకుంది కూడా.

ఈసారి మాత్రం ఆమే వెళ్తోంది. ఇవి ఆయన తెచ్చే చెప్పులు కావు, పరిగెత్తే బూట్లు. ఆఫీసులో టైపిస్టు చెప్పింది, పరుగు బూట్లకని ఒక షాపు ఉందట, కాలు కొలిచి మరీ ఇస్తారట.

బయల్దేరుతుంటే గదిలోంచి కూతురు తల బయటపెట్టింది. "అమ్మా, నేనూ రానా?"

"నువ్వెందుకు? పరుగు మానేసినదానివి. కూర్చుని చదువుకో" అని ఆమె గుమ్మం దిగింది. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత ఆమె దీన్ని ఎన్నిసార్లు గుర్తుచేసుకుని కుమిలిందో చెప్పలేను.

ఆమె నీళ్ల శాఖలో మీటర్ రీడరు. పద్దెనిమిదేళ్లుగా అవే వీధులు. రోజుకి నూట యాభై గుమ్మాలు ఎక్కి దిగాలి, గేటు తీయమని అరవాలి, కుక్కని కట్టేయమని బతిమాలాలి, మూత ఎత్తి వంగి మీటరు అద్దం మీద మట్టి తుడిచి, అంకె రాసుకుని కింద సంతకం పెట్టాలి. పిల్లాపెద్దా అందరికీ ఆమె మీటరమ్మ. "మీటరమ్మ వచ్చింది" అని లోపలికి కేకేస్తారు గానీ, ఎండన పడి వచ్చిన మనిషికి గుక్కెడు మంచినీళ్లు ఇద్దామని నూటికొక్కరికి తోచదు. నీళ్ల శాఖ మనిషి కదా, దాహం ఉండదనుకుంటారు కాబోలు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ఇవాళ ఇన్‌స్పెక్టర్లు. అందులో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి "ఏంటి మేడమ్, ఇవాళ పది ఇళ్లు తగ్గాయి" అంటాడు.

ఇన్‌స్పెక్టరు కావాలంటే రాతపరీక్ష, ఆ తర్వాత పరుగు. మీటర్లు తనిఖీ చేసే మనిషి రెండున్నర కిలోమీటర్లు పద్దెనిమిది నిమిషాల్లో ఎందుకు పరిగెత్తాలో ఆ రూలు రాసిన మహానుభావుడికే తెలియాలి. రాతలో ఆమెకి రెండుసార్లూ మొదటి స్థానమే వచ్చింది. పోయినేడు పరుగులో నాలుగో చుట్టు దగ్గర కూలబడింది. బూటు విప్పితే మేజోడు ఎర్రగా తడిసి ఉంది. కుడికాలి రెండో వేలి గోరు ఊడి మేజోట్లోనే ఉండిపోయింది. "వయసు మరి" అన్నారు ఆఫీసులో. "నేను ముందే చెప్పానా" అన్నాడు భర్త. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, కాబట్టి ఇదే ఆఖరిసారి. ఇంకా పదహారు రోజులుంది. ఈసారీ పడిపోతే రిటైరయ్యేదాకా ఆ మూతలెత్తుకుంటూ, పది ఇళ్లు తగ్గాయి అనిపించుకుంటూ బతకాలి. అది తల్చుకుంటేనే ఆమెకి అన్నం సయించడం లేదు.

తప్పు తన కాళ్లదేనని ఆమెకి ఏనాడూ అనుమానం రాలేదు. పెళ్లయిన వారానికే మడమ మీద బొబ్బ లేచింది. అత్తగారికి చూపిస్తే "కొత్తవి కదమ్మా, కొంచెం ఓర్చుకో. వాడితే అవే వదులవుతాయి" అంది. ఆడపడుచు జాలిపడింది. "వదినది నీరు పట్టే ఒళ్లులా ఉంది, పాపం." భర్త కొన్నాళ్లు ఊరుకుని, తర్వాత విసుక్కున్నాడు. "నీ నడకలోనే ఏదో తేడా ఉంది. మా అక్కకీ అవే చెప్పులు తెచ్చాను. దాని కాళ్లకి ఏమీ కాలేదే?" నిజమే, ఆవిడ కాళ్లు చక్కగా, నున్నగా ఉంటాయి. చుట్టాలింటికి వెళ్తే ఆవిడ కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంటుంది. ఈమె తన కాళ్లు కుర్చీ కిందకి లాక్కుంటుంది. వంకర తిరిగిన చిటికెన వేళ్లు, నల్లబడ్డ గోళ్లు, మడమల మీద రాయిలా గట్టిపడ్డ చర్మం. సాయంత్రం అందరికీ వండి వడ్డించి, గిన్నెలు కడిగి, వేణ్నీళ్లలో ఉప్పు వేసుకుని పాదాలు పెట్టుకుంటే "మొదలైంది ఆవిడ తీర్థస్నానం" అని భర్త నవ్వేవాడు, ఆమె కూడా నవ్వేది. ఇరవై రెండేళ్లు అలా నవ్వింది మహాతల్లి.

షాపులో ఆడమనిషి ఉంది. అరవై దాటి ఉంటాయి, కత్తిరించుకున్న తెల్లజుట్టు, బక్కపలచటి ఒళ్లు. ఒకప్పుడు పరుగు పందేల్లో పరిగెత్తిందట, గోడ మీద ఫొటో ఉంది. ఎవరొచ్చినా ముందు కాళ్లు చూసి తర్వాత మొహం చూస్తుంది. ఈమె కాళ్లని చూసి ఒక క్షణం ఆగి, మొహం చూసింది.

"సాయంత్రం పూట వచ్చి మంచిపని చేశారు. పొద్దుటికీ సాయంత్రానికీ పాదం కొంచెం పెరుగుతుంది. అందరికీ అంతే" అంది.

"అందరికీనా? నాకొక్కదానికే వాస్తుందనుకున్నాను" అంటూ ఆమె సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. "ఇదండీ నా కొలత."

కొలతలావిడ కాగితం అందుకుని మడతలు విప్పింది. టేపు అతుకులు చూసింది, వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత దాన్ని నేలమీద పరిచి, "చెప్పులు విప్పి దీని మీద నిలబడండి. బరువంతా వెయ్యండి, మొహమాటపడకండి" అంది.

ఆమె నిలబడింది. ముందు వేళ్లు గీత దాటాయి. సరే, ముందుకు పెట్టానేమో అని కాలు వెనక్కి లాక్కుంది. మడమ గీత దాటింది. అటూ ఇటూ సర్దుకుంది. పక్కలనుంచి పాదం పొర్లింది. ఒక్క గీతా కనబడటం లేదు, మొత్తం ఆమె పాదం కిందే ఉంది.

"ఇది మీది కాదు కదమ్మా. ఎవరిది?"

"నాదేనండీ."

"మీదెలా అవుతుంది?"

"ఇరవై రెండేళ్ల కిందటిది. అప్పుడు సన్నగా ఉండేదాన్ని. తర్వాత వాచాయి..." అని ఆమె నీళ్లు నమిలింది. పరాయి ఇంట్లో దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు చెమటలు పట్టాయి.

కొలతలావిడ కింద కూర్చుని, వేలితో గీత చివర చూపించింది. "ఇటు చూడండి. ఈ పాదానికి బొటనవేలు పొడుగు. మీకు రెండో వేలు పొడుగు. కాలు వాస్తుంది, ఒప్పుకుంటాను. లావెక్కితే వెడల్పవుతుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ వేళ్లు ఒకదాన్నొకటి దాటుకుని పెరగవు. ఇంకో మాట. మీ కాలు దీనికంటే రెండు సైజులు పెద్దది."

ఆమె వంగి కాగితం కేసి చూసింది. ఆ పాదం గీసిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. అదే కదా విచిత్రం! పెళ్లి కుదిరాక చెప్పుల కొలత పంపమని మగపెళ్లివాళ్లు కబురు చేశారు. నాన్న వడ్రంగి. కేలెండరు కాగితం తిరగేసి నేలమీద పరిచి, దాని మీద ఆమెని నిలబెట్టి, చెక్కల మీద గుర్తులు పెట్టే బల్లపరుపు ఎర్ర పెన్సిలుతో పాదం చుట్టూ గీశాడు. చక్కిలిగింత పుట్టి ఆమె కిలకిలా నవ్వితే "కదలకు. పెన్సిలు నిటారుగా పట్టుకోవాలి, వాలిస్తే కొలత అబద్ధం చెబుతుంది" అన్నాడు. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆయన ఎర్ర పెన్సిలు ముక్క ఇప్పటికీ ఆమె సంచిలో ఉంది. మీటరు గోడల మీద తేదీ వేయడానికి దాన్నే వాడుతుంది, అరిగిపోతుందేమోనని భయపడుతూ.

ఎర్ర పెన్సిలు. ఇది నీలం సిరా.

ఎన్నిసార్లు చూసింది ఈ కాగితాన్ని! చూసినప్పుడల్లా, నాన్న గీసింది మాసిపోకుండా ఎవరో పైన సిరాతో దిద్దారనుకుంది. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, కాగితం కళ్ల దగ్గర పెట్టుకుని, గీత కింద ఎర్రరంగు కోసం వెతికింది. లేదు. కాగితం తిరగేసింది. కేలెండరు కాదు, ఏదో నోటుబుక్కులోంచి చింపిన తెల్ల కాగితం. మా నాన్న కాగితం ఏదీ? నా కాలు ఏదీ?

"కూర్చోండమ్మా, మొహం పాలిపోయింది" అని కొలతలావిడ నీళ్లిచ్చింది. ఆ తర్వాత తన పని తను చేసుకుపోయింది. రెండు పాదాలూ చెక్కపలక మీద పెట్టించి కొలిచింది. ఎడమది కుడిదానికంటే కాస్త పెద్దదట, అది కూడా అందరికీ ఉండేదేనట, పెద్దదాన్ని బట్టే బూటు కొనాలట. తడి పాదంతో అట్టముక్క మీద నిలబెట్టి, పడిన అచ్చు చూసి, "మీ అరికాలు కింద వంపు తక్కువ. దానికి తగ్గ అడుగు ఉన్న బూటు కావాలి" అంది. ఆడవాళ్ల వరసలో అంత వెడల్పువి లేవు. మగవాళ్ల వరసలోంచి బూడిదరంగు జత ఒకటి తెచ్చి, మేజోళ్లు తొడిగించి, తనే లేసు కట్టింది. బూటు ముందు భాగం బొటనవేలితో నొక్కి చూపింది. "పొడుగు వేలికీ బూటు చివరికీ మధ్య ఒక బొటనవేలంత చోటుండాలి. పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు జరుగుతుంది కదా. లేకపోతే గోళ్లు పోతాయి."

"గోళ్లు పోతాయా?"

"పోవా మరి? వీధి చివరిదాకా పరిగెత్తి రండి."

ఆమె లేచింది. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

"ఏంటి, పట్టేసిందా?"

"లేదండీ. ఏదో తప్పు జరిగింది. వదులుగా ఉన్నట్టుంది."

"వదులు కాదు. మీ కాలికి కావలసిన చోటు అది. వెళ్లండి, వెళ్లండి."

ఆమె పరిగెత్తింది. ఒక దుకాణం దాటింది, రెండు దాటింది, వీధి మలుపు వచ్చింది. ఇప్పుడొస్తుంది నొప్పి, ఇదిగో ఇప్పుడొస్తుంది అని పళ్లు బిగించుకుని ఎదురుచూసింది. రాలేదు. అడుగు వేస్తే నేల తగులుతోంది, అంతే. దాని తర్వాత ఏమీ లేదు. తిరిగొచ్చేసరికి ఆమెకి ఆయాసం రాలేదు గానీ కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, వింతగా చూస్తున్నారు జనం.

"అందరికీ ఇలాగే ఉంటుందా?" అని అడిగింది.

"ఎలాగ?"

"నడుస్తున్నట్టు తెలియకుండా."

కొలతలావిడ పాత చెప్పులు అట్టపెట్టెలో పెట్టి దారం కడుతూ, "ఉండాలమ్మా" అంది. "ఇవాళ్టి నుంచే రోజూ తొడుక్కుని పరిగెత్తండి. పరీక్షరోజుకి కాళ్లకి అలవాటైపోతాయి."

ఇంటికి నడిచే వచ్చింది. బస్సెక్కబుద్ధి కాలేదు. దారిపొడుగునా ఒకటే ప్రశ్న బుర్ర తొలిచేసింది. ఆ కాలు ఎవరిది?

హాల్లో భర్త టీవీ ముందు ఉన్నాడు. అత్తగారు సోఫాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన చూపు ముందు బూట్ల మీద పడింది.

"ఇవేంటి, మగవాళ్లవి తెచ్చుకున్నావు? అందుకే కాగితం పట్టుకెళ్లమన్నాను. నలుగురిలో ఇవి వేసుకుని పరిగెడతావా? మా కాలేజీలో ఎవరైనా చూస్తే నా పరువేం కాను?"

ఆమె సంచిలోంచి కాగితం తీసి టీపాయ్ మీద పరిచింది. "ఇది ఎవరి కాలు?"

"ఎవరిదేంటి, నీది."

"కాదు."

అత్తగారు మెడ సాచి చూసి, ఏదో సరదా సంగతి గుర్తొచ్చినట్టు నవ్వేసింది. "అయ్యో, అది మన పెద్దమ్మాయిది కాదూ! అప్పుడు గీసింది అదే కదరా?"

పెద్దమ్మాయి అంటే ఆడపడుచు.

"మా నాన్న పంపిన కాగితం ఉండాలి కదా, అత్తయ్యా?"

"పంపించాడమ్మా, ఎందుకు పంపలేదు. ఎర్ర పెన్సిలుతో గీసి పంపాడు. ఆ పాదం చూసి మేం నోళ్లు వెళ్లబెట్టాం. ఆడపిల్ల కాలు ఇంత ఉంటుందా? పాపం ఆయనకి రాక పెన్సిలు వెడంగా పట్టుకుని గీశాడనుకున్నాం. అది పట్టుకుని షాపుకి వెళ్తే, ఇదేం కోడలండీ అని నవ్విపోరూ? అప్పుడు పెద్దమ్మాయే అంది, పిల్ల ఇంచుమించు నా అంతే ఉంటుంది, నా కాలు గీసి షాపుకి పంపుదాం అని. చక్కగా నీలం పెన్నుతో గీసింది."

రాక గీశాడట! నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ బిగించి, ఒక్క తలుపు మధ్యా గాలి దూరే సందు వదలని మనిషికి కూతురి పాదం గీయడం రాలేదట! ఒక్క మాట, ఒక్కసారి కబురుచేసి అడిగి ఉంటే నాన్న నడిచివచ్చి మళ్లీ గీసిచ్చేవాడు కదా.

"ఆ కాగితం ఎక్కడుంది?"

"ఇంకెక్కడుంటుందే, ఏ అలమరలో అడుగున పరిచానో, ఏ పొట్లం కట్టానో."

ఆమె భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? నేనూ అక్కడే ఉన్నాను కదా. అప్పుడు ఎంత నవ్వుకున్నామో" అని ఆయన టీవీ గొంతు కాస్త తగ్గించాడు. అంతకంటే పెద్ద విషయంలా ఆయనకి కనిపించలేదు. "ఎప్పటి సంగతో తవ్వి తీస్తావేంటి? అంత ఇబ్బందిగా ఉంటే నువ్వు చెప్పాలి కదా."

నువ్వు చెప్పాలి కదా! బొబ్బ చూపించిన రోజు, గోరు నల్లబడిన రోజు, కడుపుతో ఉండి చెప్పులోకి కాలు దూరక గుమ్మంలో కూర్చుని ఏడ్చిన రోజు, పోయినేడు రక్తపు మేజోడు ఆయన చేతే ఉతికే బకెట్లో వేయించిన రోజు. ఇంకెలా చెప్తారు చెప్పడమంటే? దండోరా వేయించాలా? ఆయనకి తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసే "నీ నడకలో తేడా" అన్నాడు. "మా అక్కకి ఏమీ కాలేదే" అన్నాడు. ఎందుకవుతుంది, అవి ఆవిడ చెప్పులైతే!

ఆయన దుర్మార్గుడా అంటే కాదు. అదే ఆమెకి అంతుబట్టలేదు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. కాగితం చిరిగితే టేపు వేసి దాచిన మనిషి. ఆ కాగితానికి చేసిన సేవలో సగం ఈ కాళ్లని చూడటానికి ఆయనకి తోచలేదు.

"అయినా నీ ఒక్కదాని మీద పగబట్టామా ఏంటి?" అత్తగారు బట్టలు మడతపెడుతూనే నొచ్చుకుంది. "పిచ్చుకకీ అదే కొలత కదా. పోయినేడు నుంచి దానికీ వీడు ఆ కాగితం పెట్టే తెస్తున్నాడు. ఇంటి ఆడపిల్లలందరికీ ఒకటే సైజైతే వాడికీ సులువు."

పిచ్చుక అంటే కూతురు. పద్నాలుగేళ్లు. నడక సరిగ్గా రాకముందే పరిగెత్తింది, అందుకే ఆ ముద్దుపేరు. స్కూల్లో రిలే పరుగులో ఆఖరి కర్ర దానిదే ఉండేది. పోయినేడు ఉన్నట్టుండి మానేసింది. ఎందుకే అంటే "ఇంట్రస్ట్ లేదు" అంది. "ఫోను చూడటానికి మాత్రం ఇంట్రస్ట్ ఉందా" అని ఆమె ఆ రోజు బాగానే తిట్టింది. ఈ ఏడాది ఆ పిల్ల తల్లిని మించి ఎదిగింది, పొట్టివైపోయిన బట్టలన్నీ మార్చారు. బట్టలు మార్చారు.

ఆమె గదిలోకి ఎలా నడిచిందో తెలియదు.

పిల్ల మంచం మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతోంది. స్కూలు నుంచి వచ్చి ఇంత సేపైనా కాళ్లకి మేజోళ్లు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఎప్పుడూ మేజోళ్లతోనే తిరుగుతుంది. దీనికిదేం ఫ్యాషనో అనుకునేది ఆమె.

"మేజోళ్లు విప్పు."

"ఎందుకమ్మా?"

"విప్పవే."

పిల్ల లేచి కూర్చుని విప్పింది. విప్పి, కాళ్లు గబుక్కున మంచం కిందకి లాక్కుంది. ఆ లాక్కోవడం ఆమెకి ఎంత బాగా తెలుసో! ఆమె కింద కూర్చుని ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుంది. రెండో వేలు పొడుగు, అచ్చం తనలాగే. దాని గోరు నల్లగా ఉంది. రెండు చిటికెన వేళ్లూ లోపలికి తిరగడం మొదలుపెట్టాయి. మడమ మీద పాత బొబ్బ మీద కొత్త బొబ్బ.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పానమ్మా." పిల్ల మాటలో కోపం లేదు, ఉన్నమాట చెబుతోంది అంతే. "మూడుసార్లు చెప్పాను. కొత్తవి కదా, కొంచెం ఓర్చుకో, వాడితే అవే వదులవుతాయి అన్నావు."

అన్నది. నిజంగానే అన్నది. పొద్దున్నే మూడు డబ్బాల్లో అన్నం సర్దుతూ, వెనక్కి కూడా తిరగకుండా అన్నది. అక్షరం పొల్లుపోకుండా అత్తగారి మాట, తన నోటితో.

"అందుకేనా పరుగు మానేశావు?"

"మరి? నీకు తెలుసనుకున్నాను."

హాల్లో విన్నవన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. ఇంతసేపూ ఆయన్నీ అత్తగారినీ ఆడపడుచునీ మనసులో నిలబెట్టి కడిగేస్తున్న మనిషి, ఒక్కసారిగా వాళ్ల పక్కనే తనూ నిలబడి ఉండటం చూసింది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు.

తప్పైపోయిందని ఒకరితో ఒకరు చెప్పుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆమెకీ ఆ మాట నోటికి రాలేదు. చేతికి తెలిసిన పని చేసింది. గోడమీది కేలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, తిరగేసి నేలమీద పరిచింది. సంచి అడుగునుంచి ఎర్ర పెన్సిలు ముక్క తీసింది.

"నిలబడు. బరువంతా వెయ్యి."

పెన్సిలు నిటారుగా పట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టింది. అరికాలి పక్కకి వచ్చేసరికి పిల్ల మెలికలు తిరిగి "అమ్మా, చక్కిలిగింతలు!" అని నవ్వింది. ఏడాదిగా వినని నవ్వు.

"కదలకు" అంది ఆమె. "కదిలితే కొలత అబద్ధం చెబుతుంది."

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "మళ్లీ ఈ కాగితాల గోలేంటి? వంట సంగతి చూడవా?"

ఆమె తలెత్తలేదు. "టీపాయ్ మీద మీ అక్క కాలుంది. ఆవిడకి పంపించెయ్యండి. రేపు పిచ్చుకని షాపుకి తీసుకెళ్తున్నాను. ఎల్లుండి నుంచి పరీక్ష రోజుదాకా పొద్దున్నే ఐదింటికి మేమిద్దరం గ్రౌండుకి వెళ్తాం. టిఫిన్లూ డబ్బాలూ మీరు చూసుకోండి."

"నేనా? నాకేం వచ్చు?"

"కొత్త కదా. కొంచెం ఓర్చుకుంటే అలవాటైపోతుంది."

పిల్ల ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన బూడిదరంగు బూట్ల కేసి ఒకసారి చూసి, హాల్లోకి వెళ్లిపోయాడు. టీవీ గొంతు పెరిగింది.

ఆమె చిటికెన వేలు దాటించి గీతని మడమకి తెచ్చి కలిపింది. పెన్సిలు ఎక్కడా వాలలేదు. అప్పుడు, మీటరు దగ్గర రోజూ రాసినట్టే, కింద తేదీ వేసింది. తేదీ పక్కన, కొలిచినవాళ్లు సంతకం చేసేచోట, సంతకం పెట్టింది. నీలం సిరా కాగితం మీద ఏ సంతకమూ లేదన్న సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.